రిక్వెస్ట్ అంతా అడ్రసే: జెమిని ప్రోటోకాల్ యూఆర్‌ఎల్‌ను ఎలా చదువుతుంది

వెబ్ బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిస్తే సర్వర్‌కి అడ్రసు ఒక్కటే వెళ్లదు. బ్రౌజర్ పేరు, కావలసిన భాష, ఏ పేజీ నుంచి వచ్చారన్న వివరం, కుకీలు, ఇంకా చాలా హెడర్లు దాని వెంట వెళ్తాయి. వెబ్ లాగే పేజీలు తెచ్చుకోవడానికి తయారైన జెమిని అనే ప్రోటోకాల్‌లో, అంటే కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతిలో, ఇవేవీ ఉండవు. క్లయింట్, అంటే పేజీ అడిగే ప్రోగ్రామ్, పంపేది ఒకే ఒక్క లైను. అందులో పూర్తి యూఆర్‌ఎల్ ఉంటుంది, చివర లైను అయిపోయిందని చెప్పే రెండు బైట్లు ఉంటాయి. సర్వర్ ఆ లైను చదివి, జవాబిచ్చి, కనెక్షన్ మూసేస్తుంది.

గూగుల్ ఏఐకీ ఇదే పేరుంది కానీ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఈ జెమినిని 2019లో సోల్డర్‌పంక్ అనే మారుపేరుతో రాసే ఒక ప్రోగ్రామర్ మొదలుపెట్టారు. నాసా జెమిని అంతరిక్ష నౌకలో మొదటిసారి మనుషులు వెళ్లింది 1965 మార్చిలో. ఆ గుర్తుగా ఈ ప్రోటోకాల్‌కి 1965వ నంబరు పోర్టు (సర్వర్‌లోకి రిక్వెస్ట్‌లు వచ్చే తలుపు లాంటిది) పెట్టారు. వెబ్‌లో సైట్ అన్నదాన్ని ఇక్కడ క్యాప్స్యూల్ అంటారు. అక్షరాలు, లింకులు తప్ప పెద్ద హంగులేవీ లేని పేజీలు ఉంటాయి. కాస్త ప్రోగ్రామింగ్ వచ్చిన విద్యార్థి వంద లైన్ల లోపే పనిచేసే క్లయింట్ రాసుకోగలగాలన్నది దీని రూపకల్పనలో ఉన్న కోరిక.

రిక్వెస్ట్ ఇంత చిన్నదైతే అర్థం చేసుకోవడానికి ఏముంటుంది అనిపిస్తుంది. నిజానికి కష్టం అక్కడే మొదలవుతుంది. హెడర్లు లేవు, గెట్, పోస్ట్ లాంటి మెథడ్లు లేవు. సర్వర్ తేల్చుకోవలసిందంతా ఆ అడ్రసులోంచే తేల్చుకోవాలి. అది తనకోసం వచ్చిందా, ఏ క్యాప్స్యూల్ అడుగుతున్నారు, ఏ పేజీ, యూజర్ ఏమైనా టైప్ చేసి పంపారా, అసలు అది సరైన అడ్రసేనా అన్న ప్రశ్నలన్నిటికీ ఆ ఒక్క లైనే ఆధారం. అడ్రసును కొంచెం తేడాగా చదివినా ఆ తేడాను సరిదిద్దడానికి రిక్వెస్ట్‌లో మరో సమాచారం ఉండదు.

విశాఖపట్నంలో మధురవాడ వైపు ఒక ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద నడిచే చిన్న సర్వర్‌ను ఊహించుకుందాం. దాని మీద రెండు క్యాప్స్యూల్స్ ఉన్నాయి. ఒకదానిలో రుషికొండ, యారాడ, భీమిలి బీచ్‌ల వివరాలు ఉంటాయి. రెండోది కాలేజీ విద్యార్థులు నడిపే చిన్న పత్రిక. మొదటిదాని అడ్రసు జెమిని://తీరం.ఉదాహరణ/బీచ్/రుషికొండ అనుకుందాం. చదువుకోవడానికి వీలుగా ఇక్కడంతా తెలుగు లిపిలో ఉంది కానీ వైరు మీద స్కీమ్, అంటే '://' ముందుండే ప్రోటోకాల్ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లోనే వెళ్తుంది. మిగతా తెలుగు అక్షరాల సంగతి కొంచెం ముందుకెళ్లాక.

పూర్తి అడ్రసు ఎందుకు?

క్లయింట్ ఇప్పటికే సర్వర్‌కి కనెక్ట్ అయింది. అలాంటప్పుడు సర్వర్ పేరును మళ్లీ ఎందుకు చెప్పాలి? '/బీచ్/రుషికొండ' అంటే సరిపోదా? పాత ప్రోటోకాల్స్ ఇలాగే ఆలోచించాయి. 1991లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టిన గోఫర్‌లో క్లయింట్ పంపేది సెలెక్టర్ అనే చిన్న స్ట్రింగ్ మాత్రమే. 1993లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1436 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం అదే పద్ధతిని ఖరారు చేసింది. తొలినాటి హెచ్‌టీటీపీ కూడా 'గెట్' అన్న మాట, దాని తర్వాత పాత్, అంటే '/'తో మొదలయ్యే పేజీ దారి, పంపి ఊరుకునేది.

ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చిన డెలివరీ కుర్రాడు వాచ్‌మన్‌తో '302' అంటే చాలు, అక్కడ ఉన్నది ఒక్క బ్లాకే అయితే. అదే గేటులోంచి రెండు బ్లాకులకు దారి ఉంటే 302 అన్న మాటతో పని జరగదు. వెబ్‌కి సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చింది. ఒకే ఐపీ అడ్రసు మీద పది సైట్లు నడపాలనుకున్నప్పుడు, వచ్చిన రిక్వెస్ట్ ఏ సైటుదో తెలిసే మార్గం లేకపోయింది. చివరికి 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 సైటు పేరు చెప్పే హోస్ట్ అనే హెడర్‌ను తప్పనిసరి చేసింది. అది లేని రిక్వెస్ట్‌కి 400 ఎర్రర్ ఇవ్వాలంది. గోఫర్‌కి ఆ సవరణ రాలేదు. అక్కడ ఒక పోర్టుకి ఒకే సైటు అన్న పరిమితి అలాగే ఉండిపోయింది.

హెచ్‌టీటీపీ 1.1 రాసినవాళ్లకి ఇంకో ఆలోచన కూడా ఉంది. ముందుముందు అన్ని రిక్వెస్ట్‌లూ పూర్తి యూఆర్‌ఎల్‌తోనే వెళ్లే రోజు వస్తుందని, దానికి సిద్ధంగా ప్రతి సర్వరూ పూర్తి యూఆర్‌ఎల్‌ను అంగీకరించి తీరాలని వాళ్లు స్పెసిఫికేషన్‌లో రాశారు. ఆ రోజు వెబ్‌కి రాలేదు. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2 అడ్రసును స్కీమ్, అథారిటీ (సర్వర్ పేరు, పోర్టు), పాత్ అని ముక్కలు చేసి పంపే దారి పట్టింది. పాత వాళ్లు అనుకున్న పనిని 2019లో జెమిని మొదటి రోజు నుంచే చేసింది. ఈ నిర్ణయం సరైనదే. హోస్ట్ హెడర్ ఒకటి చెప్పి, రిక్వెస్ట్ లైను ఇంకొకటి చెప్పి, సర్వర్ ఒకదాన్ని, దాని ముందు నిలబడి రిక్వెస్ట్‌లను అందించే ప్రాక్సీ మరోదాన్ని నమ్మడం వల్ల వెబ్‌లో ఎన్ని భద్రతా లోపాలు పుట్టాయో తెలిసినవాళ్లకి ఒకే చోట ఒకే అడ్రసు ఉండటం ఎంత ఊరటో అర్థమవుతుంది.

అయినా పేర్ల గొడవ పూర్తిగా పోలేదు. జెమినిలో టీఎల్‌ఎస్ తప్పనిసరి. అది కనెక్షన్‌ను రహస్యంగా ఉంచి, సర్వర్ ఎవరో సర్టిఫికెట్‌తో చూపించే పద్ధతి. టీఎల్‌ఎస్ మొదలయ్యేటప్పుడు ఏ సర్వర్ పేరు కావాలో క్లయింట్ ముందుగానే చెప్పాలి. దీన్నే ఎస్‌ఎన్‌ఐ అంటారు. అంటే ఒకే రిక్వెస్ట్‌లో సర్వర్ పేరు మూడుసార్లు వస్తుంది. మొదట పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్‌లో వెతికిన పేరు, తర్వాత ఎస్‌ఎన్‌ఐలో చెప్పిన పేరు, ఆఖరున యూఆర్‌ఎల్‌లో రాసిన పేరు. మామూలుగా మూడూ ఒకటే. కాకపోతే దేన్ని నమ్మాలి? ఎస్‌ఎన్‌ఐ పని ఏ సర్టిఫికెట్ చూపించాలో తేల్చడం వరకే. ఏ పేజీ ఇవ్వాలో తేల్చేది యూఆర్‌ఎల్. ఎస్‌ఎన్‌ఐలో తీరం పేరు, యూఆర్‌ఎల్‌లో పత్రిక పేరు ఉంటే మన మధురవాడ సర్వర్ పత్రిక పేజీ ఇచ్చేయవచ్చు, లేదా వద్దనవచ్చు. వద్దనడమే మంచిది. క్లయింట్ సరిచూసుకున్న సర్టిఫికెట్ ఒక క్యాప్స్యూల్‌ది, వచ్చిన పేజీ ఇంకొకదానిది అయితే ఆ సరిచూసుకోవడానికి అర్థం లేదు కదా.

పూర్తి యూఆర్‌ఎల్‌తో ఇంకో సంగతి ముడిపడి ఉంది. అందులో స్కీమ్ కూడా ఉంటుంది కాబట్టి, జెమిని సర్వర్‌కి వచ్చిన రిక్వెస్ట్ హెచ్‌టీటీపీ అడ్రసు కావచ్చు, గోఫర్ అడ్రసు కావచ్చు, ఎక్కడో జర్మనీలో ఉన్న మరో క్యాప్స్యూల్ అడ్రసు కావచ్చు. అది తప్పు రిక్వెస్ట్ కాదు. 'నా తరఫున నువ్వు వెళ్లి తెచ్చిపెట్టు' అని అడగడం, అంటే ప్రాక్సీ రిక్వెస్ట్. సర్వర్‌కి ఆ పని ఇష్టం లేకపోతే జవాబు ఏ రకమో చెప్పే స్టేటస్ కోడ్‌గా 53 పంపాలి. కొత్తగా సర్వర్ రాసేవాళ్లు ఇక్కడ తరచుగా పొరబడతారు. హోస్ట్ పేరు చూడకుండా పాత్ మాత్రమే తీసుకుని ఫైలు ఇచ్చేస్తారు. అప్పుడు ఎవరి డొమైన్ పేరుతో అడిగినా మన పేజీలే వెళ్తుంటాయి. పేరు తనది కాదని తెలిస్తే 53, అడ్రసు నిర్మాణమే తప్పయితే 59, అడ్రసు సరిగా ఉండి పేజీ లేకపోతే 51. ఈ మూడింటినీ కలిపేస్తే క్లయింట్ రాసేవాళ్లకి తప్పు ఎక్కడుందో దొరకదు.

పోర్టు విషయంలో ఇంటి సర్వర్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. యూఆర్‌ఎల్‌లో పోర్టు రాయకపోతే 1965 అనే అర్థం. ఇంట్లో రౌటర్ బయటి 1965ను లోపల 11965కి మళ్లిస్తుంటే, సర్వర్ తాను వింటున్న 11965తో పోల్చుకుని 'ఇది నాది కాదు' అంటే బయటి రిక్వెస్ట్‌లన్నీ తిరస్కారమే. పోల్చవలసింది బయటి ప్రపంచానికి కనిపించే పోర్టుతో.

సర్వర్ వద్దనవలసినవి

యూఆర్‌ఎల్ 1024 బైట్లు దాటకూడదు. దాటితే సర్వర్ తిరస్కరించి తీరాలి. చివరి రెండు బైట్లు కలిపితే 1026. ఈ హద్దు వల్ల సర్వర్ రాయడం ఎంతో తేలికవుతుంది. అంత బఫర్ పెట్టుకుని, అంతలోపు లైను ముగియకపోతే 59 చెప్పి మూసేయవచ్చు. ఎవరో గిగాబైట్ల కొద్దీ చెత్త పంపి మెమొరీ నింపుతారన్న టెన్షన్ ఉండదు.

యూజర్ పేరు, పాస్‌వర్డ్ హోస్ట్ ముందు '@' గుర్తుతో రాసే పాత పద్ధతికి జెమినిలో చోటు లేదు. అలాంటి అడ్రసు వస్తే తిరస్కరించాలి. పేజీలో ఒక భాగాన్ని సూచించే '#' తర్వాతి ముక్కను క్లయింట్ తన దగ్గరే ఉంచుకోవాలి, పంపకూడదు. పంపితే సర్వర్ ఒప్పుకోకూడదు. ఈ కటువుదనం అవసరమే. ఒక సర్వర్ ఉదారంగా '#'ను పట్టించుకోకుండా పేజీ ఇచ్చేస్తే తప్పు క్లయింట్ ఒకటి బతికిపోతుంది. నాలుగేళ్లకు అలాంటివి నాలుగు తయారై, అందరూ వాటికోసం సర్దుకోవలసి వస్తుంది. వెబ్ ఇప్పుడు మోస్తున్న బరువులో చాలా భాగం ఇలా వచ్చిచేరిందే.

కొన్ని అడ్రసులు చూడటానికి వేరుగా ఉన్నా అర్థం ఒకటే. పాత్ ఖాళీగా ఉన్నా, ఒక్క '/' ఉన్నా ఒకటే. క్లయింట్ '/' చేర్చి పంపడం మంచిది కానీ ఖాళీ పాత్ వచ్చినా సర్వర్ తట్టుకోవాలి. పోర్టు 1965 అని రాసినా, రాయకపోయినా ఒకటే. స్కీమ్‌లో, హోస్ట్‌లో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి తేడా లెక్కలోకి రాదు. పాత్‌లో మాత్రం వస్తుంది.

పాత్ దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఫోల్డర్‌లో ఒక మెట్టు పైకి వెళ్లమనే రెండు చుక్కల ముక్కను అడ్రసులో పెట్టి, సర్వర్‌లో బయటపెట్టకూడని ఫైళ్లు లాగడానికి ప్రయత్నించడం చాలా పాత ఎత్తు. ఆ చుక్కలను పర్సెంట్ ఎన్‌కోడింగ్‌లో, అంటే ఒక్కో బైటును '%' గుర్తు, రెండు అంకెలుగా రాసే పద్ధతిలో, దాచి కూడా పంపుతారు. అందుకే పని జరిగే వరుస ముఖ్యం. ముందు '/' గుర్తుల దగ్గర పాత్‌ను ముక్కలు చేయాలి. తర్వాత ఒక్కో ముక్కను ఒక్కసారి మాత్రమే డీకోడ్ చేయాలి. ఆ తర్వాత చుక్కల ముక్కలేమైనా ఉన్నాయా అని చూడాలి. ముందే మొత్తాన్ని డీకోడ్ చేస్తే, ఒక ఫైలు పేరులో ఎన్‌కోడ్ అయి ఉన్న '/' గుర్తు అసలు '/'గా మారి కొత్త ఫోల్డర్‌ను పుట్టిస్తుంది. రెండుసార్లు డీకోడ్ చేస్తే మొదటి తనిఖీ దాటిపోయిన చుక్కలు రెండోసారి బయటపడతాయి. ముక్కలు చేయడం, డీకోడ్ చేయడం, తనిఖీ చేయడం అన్న ఈ వరుసను కోడ్‌లో ఎవరైనా మార్చారేమోనని ప్రతి మార్పు తర్వాతా టెస్ట్ పెట్టి చూడవలసినంత విలువైనది ఇది.

యూజర్ టైప్ చేసినది ఎక్కడికి వెళ్తుంది?

జెమినిలో ఫారాలు లేవు. సర్వర్‌కి యూజర్ నుంచి ఏదైనా కావాలంటే 10 అనే స్టేటస్, దానితో ఒక ప్రశ్న పంపుతుంది. 'ఏ బీచ్?' అని అడిగిందనుకుందాం. యూజర్ టైప్ చేసిన జవాబును క్లయింట్ పర్సెంట్ ఎన్‌కోడ్ చేసి, అదే యూఆర్‌ఎల్ చివర '?' తర్వాత తగిలించి మళ్లీ అడుగుతుంది. ఖాళీ స్థలాన్ని %20 అని రాయాలి. వెబ్ ఫారాల అలవాటుతో '+' రాస్తే సర్వర్ దాన్ని నిజమైన కూడిక గుర్తుగానే తీసుకుంటుంది. '?' అసలు లేకపోవడం వేరు, '?' ఉండి దాని తర్వాత ఏమీ లేకపోవడం వేరు. మొదటిదానికి అర్థం యూజర్‌ని ఇంకా అడగలేదని. రెండోదానికి అర్థం అడిగితే ఖాళీ జవాబు ఇచ్చారని. చాలా యూఆర్‌ఎల్ లైబ్రరీలు రెండింటికీ ఖాళీ స్ట్రింగే తిరిగి ఇస్తాయి. అలాంటి లైబ్రరీ వాడిన సర్వర్ ఖాళీ జవాబు ఇచ్చినవాళ్లని మళ్లీ మళ్లీ అదే ప్రశ్న అడుగుతూ ఉంటుంది.

సర్వర్ రీడైరెక్ట్ చేస్తే, అంటే వేరే అడ్రసుకి వెళ్లమంటే, మరో నియమం ఉంది. కొత్త అడ్రసును ఉన్నదున్నట్టే వాడాలి. పాత అడ్రసులోని '?' తర్వాతి భాగాన్ని క్లయింట్ దానికి అంటించకూడదు. యూజర్ రాసినది కొత్త చోటికి చేరాలని సర్వర్ అనుకుంటే తనే ఆ భాగాన్ని కొత్త అడ్రసులో రాసి పంపాలి. ఇది మంచి నియమం. రీడైరెక్ట్ వేరే సర్వర్‌కి అయితే యూజర్ రాసిన మాట తెలియకుండానే పరాయి చోటికి పోయే ప్రమాదం తప్పుతుంది.

రిక్వెస్ట్ అంతా అడ్రసే కావడం వల్ల వచ్చే నష్టం కూడా ఇక్కడే కనిపిస్తుంది. పాస్‌వర్డ్ లాంటివి అడగడానికి 11 అనే వేరే స్టేటస్ ఉంది. దాన్ని చూసిన క్లయింట్ టైప్ చేసే అక్షరాలను తెర మీద దాస్తుంది. కానీ ఆ మాట చేరేది మళ్లీ యూఆర్‌ఎల్‌లోకే. సర్వర్ లాగ్ ఫైల్‌లో యూఆర్‌ఎల్స్ రాసుకుంటుంటే పాస్‌వర్డ్ కూడా అక్కడ పడుతుంది. క్లయింట్ హిస్టరీలోనూ పడవచ్చు. టీఎల్‌ఎస్ దారి మధ్యలో కాపాడుతుందే తప్ప రెండు చివర్లలో కాపాడలేదు. లాగ్‌లో '?' తర్వాతి భాగాన్ని కొట్టేసి రాయడం సర్వర్ నడిపేవాళ్ల కనీస బాధ్యత. గుర్తింపు కోసమైతే పాస్‌వర్డ్‌ల కన్నా క్లయింట్ సర్టిఫికెట్లు వాడటం మేలు. అవి అడ్రసులోకి రావు, టీఎల్‌ఎస్ దగ్గరే ఆగిపోతాయి.

తెలుగు అక్షరం ఖరీదు

ఇక తెలుగు సంగతి. జెమిని యూఆర్‌ఎల్స్ 2005 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3986 వ్యాకరణాన్ని పాటిస్తాయి. ఆ వ్యాకరణంలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప మరేవీ నేరుగా రాకూడదు. మిగతావన్నీ యూనికోడ్ గుర్తులను బైట్లలో రాసే యూటీఎఫ్ 8 పద్ధతిలో బైట్లుగా మారి, ఒక్కో బైటు ఒక శాతం గుర్తు, రెండు హెక్స్ అంకెలుగా వెళ్లాలి. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు. ఎన్‌కోడ్ చేస్తే తొమ్మిది.

'విశాఖపట్నం' అన్న మాటలో యూనికోడ్ లెక్కన 10 గుర్తులున్నాయి: వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా. యూటీఎఫ్ 8లో 30 బైట్లు, యూఆర్‌ఎల్‌లో 90 బైట్లు. ఇప్పుడు తీరం క్యాప్స్యూల్ యూజర్‌ని ప్రశ్న అడగమందనుకుందాం. 'రేపు ఉదయం రుషికొండ దగ్గర సముద్రం ఎలా ఉంటుంది' అని తెలుగులో టైప్ చేస్తే 38 గుర్తులు, 6 ఖాళీలు. యూఆర్‌ఎల్‌లో అది 360 బైట్లు. అదే వాక్యాన్ని వాట్సాప్‌లో చాలామంది రాసేలా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 63 బైట్లతో అయిపోతుంది.

1024 బైట్ల హద్దు ఎన్‌కోడ్ చేసిన తర్వాతి పొడవుకి వర్తిస్తుంది. స్కీమ్, హోస్ట్, పాత్ పోగా తెలుగులో రాసేవాళ్లకి మిగిలేది సుమారు వంద గుర్తులు. రెండు మూడు వాక్యాలు. ఇంగ్లీషులో రాసేవాళ్లకి అదే చోటులో ఒక పెద్ద పేరా పడుతుంది. హద్దు పెట్టినవాళ్లకి తెలుగు మీద కక్ష ఏమీ లేదు. కానీ ఫలితం ఏమిటంటే, చిన్న ప్రోటోకాల్ అందరికీ ఒకేలా చిన్నది కాదు. తెలుగులో రాయాలన్న పట్టుదల ఉన్నవాళ్లని కూడా ఇది మెల్లగా ఇంగ్లీషు అక్షరాల వైపు తోస్తుంది. ఈ విషయాన్ని జెమిని గురించి రాసేటప్పుడు చెప్పి తీరాలి. తెలుగు క్యాప్స్యూల్ నడిపేవాళ్లు ఇది తెలిసి, ప్రశ్నలను చిన్న జవాబులకు సరిపోయేలా రాయాలి. క్లయింట్ రాసేవాళ్లు టైప్ చేస్తుండగానే ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయో చూపించాలి. అక్షరాల లెక్క చూపిస్తే తెలుగువాళ్లకి తప్పు లెక్క చూపించినట్టే.

పొడవు కన్నా లోతైన సమస్య ఇంకొకటి ఉంది. 'వైజాగ్' అన్న మాట తీసుకుందాం. మామూలు కీబోర్డుతో రాస్తే ఆరు గుర్తులు: వ, ఐత్వం, జ, దీర్ఘం, గ, పొల్లు. కానీ యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు ముక్కలుగా కూడా రాయవచ్చు. పైన ఎత్వం, కింద ఐత్వపు గుర్తు. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. రెండు రకాలుగా రాసినా తెర మీద 'వైజాగ్' అనే కనిపిస్తుంది. కంటికి తేడా తెలియదు. యూఆర్‌ఎల్‌లో మాత్రం ఒకటి 54 బైట్లు, రెండోది 63 బైట్లు. సర్వర్ బైట్లను బైట్లతో పోలుస్తుంది కాబట్టి అవి రెండు వేరు వేరు అడ్రసులు.

ఇది కాగితం మీది భయం కాదు. పాత మ్యాక్ కంప్యూటర్లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే దాస్తుంది. ఆ మ్యాక్‌లో 'వైజాగ్' అని పేరు పెట్టిన ఫైలును లినక్స్ సర్వర్‌లోకి కాపీ చేస్తే విడిపోయిన ఐత్వమే అక్కడికి చేరవచ్చు. లినక్స్‌కి ఫైలు పేరంటే బైట్ల వరుస మాత్రమే. యూజర్ ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కలిసిన ఐత్వం టైప్ చేసి అడిగితే 51, పేజీ లేదు అన్న జవాబు వస్తుంది. ఫైలు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. ఎవరు ఎన్నిసార్లు చూసినా పేరు సరిగానే కనిపిస్తుంది.

కనిపించని మరో గుర్తు కూడా ఇంతే ఇబ్బంది పెడుతుంది. పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి తెలుగులో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు వాడతారు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాట విడిగా కనిపించడానికి అదే కారణం. దానికి తన సొంత రూపమేమీ లేదు, బైట్లు మాత్రం మూడు. మాట చివర పొల్లు తర్వాత అది మిగిలిపోతే కంటికి ఏ తేడా ఉండదు. 'వైజాగ్' తర్వాత అది ఉన్న అడ్రసు, లేని అడ్రసు చూపుకి ఒకటే, సర్వర్‌కి రెండు. కాపీ పేస్ట్ చేసేటప్పుడు, ఒక 'లో' లేదా 'కి' ప్రత్యయాన్ని చెరిపేసినప్పుడు ఇది వెనకాల ఉండిపోవడం చాలా మామూలు.

ఆర్‌ఎఫ్‌సీ 3986 ప్రకారం నార్మలైజ్ చేయమని, అంటే ఒకే అర్థం ఉన్న అడ్రసులను ఒకే రూపంలోకి తెమ్మని, జెమిని చెబుతుంది కానీ ఆ నార్మలైజేషన్ చుక్కల ముక్కలకు, పెద్దబడి చిన్నబడి తేడాలకు, అనవసరపు పర్సెంట్ ఎన్‌కోడింగ్‌కి సంబంధించింది. ఐత్వం గొడవ దాని పరిధిలో లేదు. కాబట్టి ఆ పని తెలుగు క్యాప్స్యూల్ నడిపేవాళ్ల మీదే పడుతుంది. ఫైలు పేర్లను, వచ్చిన పాత్‌ను రెండింటినీ యూనికోడ్‌లోని ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చి పోల్చాలి. ఎన్‌ఎఫ్‌సీలో విడిపోయిన ఐత్వం కలిసిపోతుంది. నాన్ జాయినర్ మాత్రం ఎన్‌ఎఫ్‌సీకి లొంగదు. దాన్ని ముక్క చివర ఉంటేనే తీసేయాలి. మధ్యలో ఉంటే అది మాట రూపాన్నే మారుస్తుంది.

హోస్ట్ పేరు తెలుగులో ఉంటే పద్ధతి వేరు. భారతదేశానికి తెలుగు లిపిలో .భారత్ డొమైన్ ఉంది. డీఎన్‌ఎస్‌లో అలాంటి పేర్లు ప్యూనీకోడ్ అనే ఇంగ్లీషు అక్షరాల రూపంలోకి మారతాయి. ఎస్‌ఎన్‌ఐలోనూ ఆ రూపమే వెళ్తుంది. అందువల్ల క్లయింట్ యూఆర్‌ఎల్‌లో కూడా హోస్ట్‌ను ప్యూనీకోడ్‌లోనే పంపితే, ముందు చెప్పుకున్న మూడు పేర్లూ అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి. హోస్ట్‌ను పర్సెంట్ ఎన్‌కోడ్ చేసి పంపినా ఆర్‌ఎఫ్‌సీ 3986 వ్యాకరణం తప్పు పట్టదు కానీ, పోల్చేటప్పుడు సర్వర్ తికమకపడి 53 చెప్పేయగలదు.

అడ్రసును ముక్కలుగా పంపే పద్ధతితో పోలిస్తే ఈ ఖర్చు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సెన్సర్ల వంటి చిన్న పరికరాల కోసం 2014 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 7252గా వచ్చిన కోయాప్ అనే ప్రోటోకాల్ ఉంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర నీటిమట్టం కొలిచే ఒక సెన్సర్ ఉందనుకుంటే దానికి తగినది ఇలాంటిదే. కోయాప్ హెడర్ నాలుగు బైట్లు. యూఆర్‌ఎల్ మామూలుగా పూర్తిగా వెళ్లదు. హోస్ట్, పోర్టు, పాత్‌లోని ఒక్కో ముక్క, '?' తర్వాత వచ్చే క్వెరీలోని ఒక్కో ముక్క వేరు వేరు ఆప్షన్లుగా వెళ్తాయి. హోస్ట్ చెప్పకపోతే ప్యాకెట్ చేరిన ఐపీ అడ్రసే హోస్ట్ అన్నమాట. ప్రాక్సీ ద్వారా పంపాలనుకున్నప్పుడు మాత్రం పూర్తి అడ్రసు పెట్టడానికి వేరే ఆప్షన్ ఉంది.

కోయాప్‌లో పర్సెంట్ ఎన్‌కోడింగ్ వైరు మీదికి రాదు. క్లయింట్ ముందే డీకోడ్ చేసి, అసలు బైట్లే పంపుతుంది. జెమినిలో 'రుషికొండ' అన్న పాత్ ముక్కకి ముందున్న '/'తో కలిపి 73 బైట్లు. కోయాప్‌లో అక్షరాలకు 24, ఆప్షన్ పేరుకీ పొడవుకీ కలిపి 2, మొత్తం 26. ముక్కలుగా ముందే విడిపోయి వస్తుంది కాబట్టి ఎన్‌కోడ్ అయిన '/' చిక్కు కూడా తలెత్తదు. ఆప్షన్లలోని స్ట్రింగ్‌లు నెట్ యూనికోడ్ అనే రూపంలో ఉండాలని కోయాప్ చెబుతుంది. ఆ రూపం ఎన్‌ఎఫ్‌సీని వాడమంటుంది. అంటే పంపేవాళ్లు ఆ మాట పాటిస్తే రెండు ఐత్వాల గొడవ దారిలోనే తేలిపోతుంది. జెమినిలో ఒక మనిషి అడ్రసు చదివి, కాపీ చేసి, ఫోన్‌లో ఇంకొకరికి చెప్పగలగాలి. దానికి పూర్తి యూఆర్‌ఎల్ సరైనది. హార్బర్‌లోని సెన్సర్ అడ్రసును ఎవరూ చదివి చెప్పరు. దానికి ముక్కల పద్ధతే సరైనది. రెండింటిలో ఏది తేలిక అన్న ప్రశ్నకి అడ్రసును ఎవరు చదువుతారో చూస్తేనే జవాబు దొరుకుతుంది.

స్పెల్లింగ్ తేడాలను మాత్రం ఏ ప్రోటోకాలూ తీర్చదు. కొందరు 'రుషికొండ' అంటారు, కొందరు 'ఋషికొండ' అని రాస్తారు. ఇవి యూనికోడ్‌కి కూడా వేరు వేరు మాటలే, ఏ నార్మలైజేషనూ వాటిని కలపదు. తీరం క్యాప్స్యూల్ నడిపేవాళ్లు ఒకదాన్ని ఖాయం చేసుకుని, రెండోదాన్ని 31 అనే శాశ్వత రీడైరెక్ట్‌తో దానికి మళ్లించాలి. 30 అయితే తాత్కాలికం, క్లయింట్ పాత అడ్రసునే గుర్తుపెట్టుకుంటుంది. రీడైరెక్ట్‌లు ఒకదాని వెనుక ఒకటి ఐదు దాటితే క్లయింట్ ఆగిపోతుంది కాబట్టి, విడిపోయిన ఐత్వానికి ఒకటి, చివరి నాన్ జాయినర్‌కి ఒకటి, స్పెల్లింగ్‌కి ఒకటి అని గొలుసు కట్టకుండా, మార్పులన్నీ సర్వర్ లోపలే చేసుకుని చివరి అడ్రసును ఒకేసారి పంపాలి.